ఏటిగట్టుకు ఏ పక్క? కోనసీమలో మండువా ఇల్లు కొనబోయేవారికి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరపడితే సరిదిద్దండి. మీ దంపతులిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, యాభైకి దగ్గరపడుతున్నారు. కోనసీమలో, వశిష్ఠ గోదావరి పక్కనున్న ఊళ్లో వందేళ్ల నాటి మండువా లోగిలి (మధ్యలో కప్పులేని గుంట, అంటే మండువా, చుట్టూ వసారాలున్న ఇల్లు) చూశారు. 22 సెంట్ల స్థలం, పెరట్లో పది పన్నెండు కొబ్బరి చెట్లు. వీధి అరుగు మీద కూర్చుంటే ఏటిగట్టు కనిపిస్తుంది, గట్టెక్కితే గోదావరి. ఇల్లు ముగ్గురు అన్నదమ్ముల వారసులది. ఒక వాటావారు అమెరికాలో ఉన్నారు. ఇద్దరు అమ్ముతామంటున్నారు, మూడోవారు ఇంకా తేల్చలేదు. ‘ముందు రెండు వాటాలు రాయించేసుకోండి, మూడోది మెల్లగా చూద్దాం’ అని మధ్యవర్తి అంటున్నాడు. కొనవచ్చా, సగం రోజులైనా అక్కడ ఉండగలమా అని మీ ప్రశ్న.

నేను ఏటిగట్ల మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మేముంటున్నదీ పాత పెంకుటింట్లోనే. చుట్టాలూ స్నేహితులూ ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు. ఇంట్లో అడుగుపెట్టకుండా నేను ముందు గట్టెక్కి నిలబడతానని వాళ్లకు విసుగు. మీకూ విసుగు తెప్పిస్తాను. చెక్కిన స్తంభాలు, ఇత్తడి బొడిపెల తలుపులు మీరు ఇప్పటికే చూసి మనసు పారేసుకున్నారు కాబట్టి వాటి సంగతి చివర్లో చెప్తాను. మొదట గట్టు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే ఇల్లు.

కోనసీమ నేలంతా గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు తెచ్చిపోసిన ఒండ్రు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక కాలువలు వచ్చాయి. కాలువలతో వరి, కొబ్బరి పెరిగాయి, ఆ రాబడితోనే మీరు చూసిన లాంటి లోగిళ్లు లేచాయి. ఆ ఊళ్లన్నీ ఏటిగట్ల చాటున బతుకుతున్నాయి. కనుక ఇల్లు గట్టుకు ఏటి వైపు ఉందా, ఊరి వైపు ఉందా, గట్టు వాలులోనే ఉందా అన్నది తేలకుండా ధర గురించి మాట్లాడటం వృథా.

ఏటి వైపు ఉన్నవాటినీ, లంకల్లో, అంటే ఏటి మధ్య దిబ్బల్లో ఉన్నవాటినీ నేను ఎవరికీ కొనమని చెప్పను. లంకలో పుట్టి పెరిగినవాళ్లకు వరద ఒక అలవాటు. పశువులను ఎప్పుడు గట్టు మీదికి తోలాలో, బియ్యం అటక మీదికి ఎప్పుడు ఎక్కించాలో వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ అలవాటు మీకు డబ్బుతో రాదు. చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే, ముక్తేశ్వరం–ఎదురుబిడియం కాజ్‌వే వరద పెరిగిన ప్రతిసారీ మునిగేవే. అవతలివాళ్లకు అప్పుడు పడవే దిక్కు, ఉధృతి మరీ ఎక్కువైతే పడవ కూడా ఆపేస్తారు. పైగా లంకలో ఏటికోత ఉంటుంది. కొబ్బరి తోట ఏట్లోకి జారిపోయినా దస్తావేజులో మాత్రం విస్తీర్ణం అలాగే ఉంటుంది! లంక భూముల్లో జిరాయితీ (సొంత పట్టా భూమి) ఎంత, ప్రభుత్వానిది ఎంత అన్నది వేరే చిక్కు.

గట్టు వాలు మీద, గట్టు పాదానికి ఆనుకుని కట్టిన ఇళ్లు చవకగా వస్తాయి. ఆ నేల చాలాచోట్ల జలవనరుల శాఖది. కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది అని చూపిస్తారు. అవి అక్కడ ఎవరో ఉంటున్నారని చెప్తాయి తప్ప నేల ఎవరిదో చెప్పవు. గట్టు వెడల్పు చేసిన రోజున ఆ ఇళ్లే ముందు పోతాయి. మీ వర్ణనను బట్టి మీది ఊరి వైపు ఇల్లు. అయినా సర్వేయరును పెట్టి గట్టు హద్దు రాయి నుంచి మీ ప్రహరీ దాకా కొలిపించండి. గట్టుకు దగ్గరగా ఉన్న పాత ఇళ్లలో పెరటి గోడ కొన్ని గజాలు శాఖ స్థలంలోకి జరిగి ఉండటం నేను ఉద్యోగంలో చాలాసార్లు చూశాను.

ఇక మట్టం. ఊళ్లో ఎవరిని అడిగినా ‘ఎనభై ఆరు వరద’ అంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, కింద డెల్టాలో గట్లు తెగాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. ఆ రెండుసార్లూ ఈ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా, వస్తే ఎంత ఎత్తుకు వచ్చాయి అని అడగండి. అమ్మేవారిని కాకుండా ఇరుగుపొరుగులో పెద్దవాళ్లను ముగ్గురిని విడివిడిగా అడగండి. తర్వాత ఇంటిని అడగండి: స్తంభాల అడుగు భాగం, ద్వారబంధాల కింది మూర, గోడకు పట్టిన చారలు చూడండి. నీళ్లు నిలిచిన కలపకు ఆ ఎత్తు వరకు రంగు మారుతుంది. కొత్తగా రంగులు వేసి ఉంటే అటక కిందో, గాదె గదిలోనో, రంగు చేరని మూలల్లో వెతకండి. ఆ గీత దొరికితే ఇంట్లో కరెంటు బోర్డులు, ఇన్వర్టరు, ఫ్రిజ్, పుస్తకాలు ఎంత ఎత్తున ఉండాలో తేలినట్టే.

గట్టు తెగకపోయినా ఊరి వైపు ఇంటికి రెండు బాధలు తప్పవు. ఏరు నిండుగా ఉన్నప్పుడు గట్టు అడుగు నుంచి ఊట వస్తుంది. నూతిలో నీరు చేతికి అందేంత పైకి వస్తుంది, పెరడు చిత్తడిగా మారుతుంది, సెప్టిక్ ట్యాంకు వెనక్కి తంతుంది. ఊట తేటగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. మట్టి కలిసి ఎర్రగా వస్తుంటే గట్టులో బుంగ పడుతున్నట్టు. అప్పుడు ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తుతుంది, మీరూ వెళ్లాలి. రెండోది ముంపు. ఏరు ఎక్కువగా ఉన్నప్పుడు మురుగు కాలువల తలుపులు దించేస్తారు, లేకపోతే ఏటి నీరే ఊళ్లోకి ఎగదన్నుతుంది. అదే సమయంలో భారీ వర్షం పడితే ఊరి నీరు పోయే దారి ఉండదు. ఇక్కడివాళ్లు గోదావరి పేరు చెప్పి భయపడతారు గానీ మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టేది ఎక్కువసార్లు ఈ వాన నీరే.

వరద గండం ముందే చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర అవి 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం దగ్గర కనిపించిన ఉధృతి ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, కనుక సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. గాలికి అంత దయ లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకు ఒరిగాయి, పెంకుటిళ్ల కప్పులు లేచిపోయాయి. పెంకు పట్టించే పని పైపైన చేయించినవాళ్లకు అక్టోబరు, నవంబరు నెలల్లో నిద్ర పట్టదు. ఇంటి మీదికి వాలిన కొబ్బరి చెట్టు ఉంటే, ఎంత కాపు కాసినా, మొదటి వేసవిలోనే తీయించేయండి.

మీ ఊరు సముద్రానికి ఎంత దగ్గర అన్నది రాయలేదు. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు అయితే నూతి నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. వేసవి చివర్లో చూడాలి, వానాకాలంలో అన్ని నూతులూ తియ్యగానే ఉంటాయి. శంకరగుప్తం డ్రెయిన్ పరిసరాల్లో సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు తలలు వాల్చేసిన తోటలు ఉన్నాయి. పక్క చేలో రొయ్యల చెరువు ఉంటే అదీ చూసుకోవాలి. ఆటుపోటు నీరు చేరే పాయల ఒడ్డున తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వర్తిస్తాయి, పెరట్లో కొత్త గది వేయాలన్నా అనుమతి సంగతి కనుక్కోవాలి. ఇంకోటి, తోటలో గానీ దారి పక్కన గానీ గ్యాస్ పైపులైను గుర్తు రాళ్లు ఉన్నాయేమో చూడండి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలి ప్రాణాలు పోయిన తర్వాత ఈ సంగతి ఇక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు, కొనేవాళ్లు మాత్రం అడగడం మరిచిపోతారు.

ఇప్పుడు కాగితాలు. మధ్యవర్తి సలహాకు నా జవాబు సూటిగా చెప్తాను: రెండు వాటాలు మాత్రం కొనకండి. ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి.

ఎందుకంటే మండువా ఇంటిని వాటాలుగా కొనడం కాగితం మీదే కుదురుతుంది. నాలుగు వసారాల కప్పులూ మధ్యనున్న మండువా మీదికి వాలి, ఒకదాని దూలం ఇంకొకదాని మీద ఆనుకుని ఉంటాయి. మూడో వాటావారు రేపు తమ భాగం పడగొట్టి డాబా వేసుకుంటే మీ భాగానికి మూల వాసం ఆధారం పోతుంది, కప్పు కుంగుతుంది. మండువాకు అడ్డంగా గోడ కట్టిన ఇళ్లను ఈ ప్రాంతంలో తిరిగితే మీరే చూస్తారు. ఒకప్పుడు వెలుగూ గాలీ వచ్చిన చోట రెండు చీకటి సందులు మిగులుతాయి. చూరు నీళ్లు ఎవరి వైపు పడాలి, నూతి దగ్గరికి దారి ఎవరిది అన్న తగాదాలు తర్వాతి తరానికి కూడా మిగులుతాయి.

చట్టం కూడా మీకు అనుకూలంగా లేదు. విడదీయని కుటుంబ నివాస గృహంలో ఒక వాటా కొన్న బయటివారికి ఆ ఇంట్లో కలిసి ఉండే హక్కు ఉండదని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను చెప్తోంది. మీరు వాటా పంచమని దావా వేస్తే, మీ వాటాను విలువ కట్టించి తామే కొనుక్కుంటామని కుటుంబసభ్యులు కోరవచ్చు, విభజన చట్టం 4వ సెక్షను ఆ వీలు ఇస్తోంది. అంటే డబ్బు పెట్టి ఇంటి గుమ్మం బయట నిలబడటమన్నమాట. గతంలోనే సక్రమంగా పంపకాలు జరిగి, హద్దులు వేరై ఉంటే ఈ చిక్కు ఉండదు. కాబట్టి మీరు అడగవలసిన మొదటి కాగితం పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు. రిజిస్టరైందా, లేక పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్నదా అన్నది చూడండి. రిజిస్టరు కాని పంపకాల పత్రం కోర్టులో హక్కుకు రుజువుగా నిలవదు.

తర్వాతది ఆడపడుచుల సంగతి. ‘ముగ్గురు అన్నదమ్ముల వారసులు’ అని రాశారు, అక్కచెల్లెళ్ల ఊసే లేదు. లేరా, లేక లెక్కలో వేయలేదా? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్లయినవారు దాని పరిధిలోకి రాలేదు. 2005 కేంద్ర సవరణ కూతుళ్లందరికీ కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆ సవరణ వచ్చే నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు కదలవు. ఇంటి ఆస్తి తాతగారి స్వార్జితమైతే లెక్క మళ్లీ మారుతుంది. అందుచేత కుటుంబ వృక్షం మొత్తం రాయించుకోండి, చనిపోయినవారి మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలు తీసుకోండి, కూతుళ్లూ వారి పిల్లలూ అందరి చేతా సంతకాలు పెట్టించండి. ‘మా అత్త ఏమీ అనదండీ, చాలా మంచిది’ అని చెప్తారు. నిజంగానే మంచిదైతే సంతకం పెట్టడానికి అభ్యంతరం ఉండకూడదు కదా.

అమెరికాలో ఉన్నవారు రాకుండా పవరు (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) పంపిస్తామంటే, అది అక్కడి భారత కాన్సులేటులో గానీ నోటరీ దగ్గర గానీ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించి ఉండాలి. ఈ ఇంటిని, ఈ సర్వే నంబరును పేర్కొంటూ రాసినదైతేనే ఒప్పుకోండి. ప్రవాసులు అమ్మేటప్పుడు పన్ను పట్టుకుని కట్టే బాధ్యత కొనేవారిదే. ఇక్కడ ఉండేవారు అమ్మితే ధర ₹50 లక్షలు, ఆపైన అయితేనే 1 శాతం పట్టుకోవాలి. ప్రవాసుల విషయంలో ఆ పరిమితి లేదు, శాతమూ ఎక్కువే. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆడిటరును కలవండి. ఎదురు సందర్భం కూడా ఉంది: విదేశంలో ఉన్న మీ వాళ్లెవరినైనా కొనుగోలులో కలుపుకోవాలనుకుంటే, ప్రవాసులు ఇల్లు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట కొనకూడదు. మీ 22 సెంట్లలో కొబ్బరి చెట్లున్న భాగం రికార్డులో తోటగా ఉంటే వారి పేరు పెట్టకండి.

ఆ 22 సెంట్లు మొత్తం ఒకే రకం నేల అనుకోకండి. ముందు భాగం, అంటే ఇల్లున్న చోటు, బహుశా గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన నేల. వెనక తోట జిరాయితీ కావచ్చు. జిరాయితీకి 1-బి, అడంగలు అనే రెవెన్యూ భూమి రికార్డులు దొరుకుతాయి, ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో మీరే చూసుకోవచ్చు. గ్రామకంఠానికి అవేవీ ఉండవు, పాత దస్తావేజులు, పంచాయతీ ఇంటి పన్ను రికార్డు, స్వాధీనం మీదే నడుస్తుంది. అప్పు ఇచ్చే బ్యాంకులు గ్రామకంఠంలో పాత పెంకుటిల్లు అనగానే మొహం చాటేస్తాయి, కనుక రుణం మీద ఆధారపడి ఒప్పందం రాసుకోకండి. ఊరు పాత అగ్రహారమైతే ఇంకో అనుమానం తీర్చుకోవాలి. నేల దేవుడిదై, పైనున్న ఇల్లు మాత్రం కుటుంబానిదై ఉండే అవకాశం ఉంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) సర్వే నంబరు ఉందేమో, దేవాదాయ శాఖ రికార్డులో ఉందేమో చూడండి. దగ్గరలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని గుడి ఉంటే, ద్రాక్షారామ భీమేశ్వరాలయం లాంటిది, దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే చేయాలి. మరమ్మతులకూ అనుమతి కావాలి.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం) తీసేటప్పుడు కంప్యూటరులో వచ్చినంతవరకు తీసి ఊరుకోకండి. వందేళ్ల ఇంటికి పాత చేతిరాత పుస్తకాల్లో కూడా వెతికించాలి. పాత దస్తావేజుల్లో హద్దులు ‘తూర్పు ఫలానావారి దొడ్డి, పడమర కాలిబాట’ అని ఉంటాయి. ఆ దొడ్డి ఎప్పుడో నాలుగు ముక్కలై ఉంటుంది. ఊరి దస్తావేజు లేఖరిని కలిస్తే, ఆయన తండ్రో తాతో రాసిన కాగితమే అయి ఉండవచ్చు, హద్దులు నోటితో చెప్పేస్తాడు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము అన్నీ కలిపి సుమారు 7.5 శాతం అవుతుంది.

ఇవన్నీ తేలాక ఇంటికి రండి.

పాత ఇంటిని చూడటానికి వెళ్లేటప్పుడు ఒక స్క్రూడ్రైవరు, టార్చిలైటు, వడ్రంగి వెంట ఉండాలి. స్తంభాలు చూడటానికి ఎలా ఉన్నా ఫరవాలేదు, అవి రాతి దిమ్మె మీద కూర్చునే చోట గుచ్చి చూడండి. టేకు గట్టిగా తగిలితే మంచిది, మెత్తగా దిగితే చెద లోపలుంది. దూలాలు నడుమ పాడవవు, గోడలో దూరిన కొసల దగ్గర పాడవుతాయి. అక్కడ గోడకు చెమ్మ మరక ఉంటే కొస చివికిందని అనుమానించాలి. దూలం మార్చడమంటే కప్పు విప్పడం, కప్పు విప్పడమంటే పెంకు దించడం. పాత గూన పెంకు దింపితే చాలా భాగం పగులుతుంది, మళ్లీ అదే కొలత దొరకదు, పక్క ఊళ్లో ఎవరైనా ఇల్లు పడగొడుతుంటే వెళ్లి కొనుక్కోవాలి. బంగాళా పెంకు అయితే ఈ తిప్పలు కొంత తక్కువ.

మండువా గుంటలో పది బిందెల నీళ్లు పోయించి చూడండి. నీరు తూములోంచి ఎంతసేపట్లో, ఎటు పోతోందో కనిపెట్టండి. చాలా ఇళ్లలో పోదు. ఇల్లు కట్టిన రోజున వీధి కంటే మూరెడు ఎత్తున ఉండేది. తర్వాత మట్టి రోడ్డు మీద మెటల్ రోడ్డు, దాని మీద సిమెంటు రోడ్డు, మళ్లీ దాని మీద ఇంకో సిమెంటు రోడ్డు వేశారు. ఇప్పుడు వీధే ఎత్తు. వాన నీరు నాలుగు వైపుల కప్పుల నుంచీ మండువాలో పడి బయటికి పోలేక గదుల్లోకి ఎక్కుతుంది. మీరు చూసిన ఇంట్లో వీధి అరుగుకు ఎన్ని మెట్లున్నాయో గుర్తుందా? ఒకే మెట్టు ఉంటే, మిగిలినవి రోడ్డు కింద ఉన్నట్టే. దీనికి పరిష్కారం పెరటి వైపు కొత్త తూము వేసి మురుగు కాలువలో కలపడమే. పెరడు పల్లంగా ఉంటే పని సులువు. పెరడు కూడా ఎత్తుగా ఉంటే ఆ ఇల్లు వదిలేయమని నేను చెప్తాను.

గోడల మీద మీ హైదరాబాదు మేస్త్రీ చేతిని పడనివ్వకండి. అవి సున్నంతో, కొన్నిచోట్ల వట్టి బురదతో పేర్చిన ఇటుక గోడలు. నేలలోంచి పైకి పాకిన చెమ్మను అవి బయటికి వదిలేస్తూ బతుకుతాయి. వాటి మీద సిమెంటు ప్లాస్టరు చేసి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఉప్పు పూత వచ్చి, ప్లాస్టరు పలకలు పలకలుగా ఊడుతుంది. అప్పుడు ‘పాత ఇళ్లంతే’ అని పాత ఇంటి మీద నింద వేస్తారు. పగుళ్లకు సున్నం–ఇసుక, పైన సున్నం వెల్ల చాలు. గచ్చు తీసి మెరుస్తున్న టైల్స్ పరిస్తే కింది చెమ్మ అంతా గోడలకు తిరుగుతుంది. గచ్చును గచ్చుగానే బాగు చేయించండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి సున్నం గానుగ పట్టే పద్ధతి తెలిసిన పనివాళ్లు తక్కువమంది మిగిలారు. గుడుల మరమ్మతులు చేసేవాళ్లను ఆరా తీస్తే దొరుకుతారు. దొరికినవారి తీరికను బట్టే మీ పని జరుగుతుంది, మీ సెలవులను బట్టి కాదు.

స్నానాలగది, మరుగుదొడ్డి ఇంటి లోపలికి తేవాలని అందరికీ ఉంటుంది. తెచ్చుకోండి, కానీ మండువా పక్కన కాకుండా పెరటి వసారాలో పెట్టండి. సెప్టిక్ ట్యాంకును పాత నూతికి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా, నేల మట్టానికి పైకి లేపి కట్టించండి. వరద రోజుల్లో నూతి నీరు తాగకండి, పైకి తేటగా కనిపించినా సరే.

ఇంటికి బీమా చేయించండి. 2021 ఏప్రిల్ నుంచి బీమా సంస్థలన్నీ ఇచ్చే ‘భారత్ గృహ రక్ష’లో వరద, తుపాను నష్టాలు కూడా ఉన్నాయి. కాకపోతే పెంకుటిల్లు, కలప కప్పు అన్న వివరం దరఖాస్తులో దాచకుండా రాయండి, ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఖర్చు గురించి ఒక్క మాట. ఇలాంటి ఇంటికి ఇద్దరు కొనుగోలుదారులు ఉంటారు, మీరు ఒకరు, కలప వ్యాపారి ఇంకొకరు. వ్యాపారి స్తంభాలు, తలుపులు, దూలాలు లెక్కగట్టి ధర చెప్తాడు. ఇల్లు విప్పి పట్నాల్లో అమ్ముకుంటాడు. అమ్మేవారు మీతో ఆ ధరను పోల్చి మాట్లాడతారు. మీరు నేలకు ఊళ్లో నడిచే సెంటు ధర కట్టి, కలపకు వ్యాపారి ఇచ్చే ధర కలిపి, అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేయండి. మరమ్మతు ఎంతవుతుందో వడ్రంగి చెప్పిన అంకెను నేనైతే రెట్టింపు చేసుకుంటాను. కప్పు విప్పేదాకా లోపల ఏముందో వడ్రంగికీ తెలియదు.

ఉండటం సంగతి మీరు అనుకున్నంత కష్టం కాదు. ఫోను, ఇంటర్నెట్ ఇబ్బంది ఉండదు. అమలాపురంలో ఆస్పత్రులున్నాయి, గుండెకో మెదడుకో సంబంధించి పెద్ద అవసరం వస్తే కాకినాడ గానీ రాజమహేంద్రవరం గానీ వెళ్లాలి, దానికి గంటన్నర పైనే వేసుకోండి. రైలు కోనసీమ లోపలికి ఇంకా రాలేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు ఊరి మంచినీటి చెరువు మీద, ట్యాంకు మీద ఒత్తిడి పెరుగుతుంది. కొబ్బరి దింపుకు మనిషి దొరకడం ఏటేటా కష్టమవుతోంది, పది చెట్లకోసం ఎవరూ ప్రత్యేకంగా రారు, పక్క తోట దింపు రోజునే మీదీ తీయించుకోవాలి. వరద రోజుల్లో పాములు మెట్ట వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి, చీకట్లో టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకండి.

మనుషుల విషయానికి వస్తే, ఊరు మిమ్మల్ని బాగానే చూసుకుంటుంది, బాగానే గమనిస్తుంది కూడా. తలుపు వేసుకుని కూర్చునే సౌకర్యం తక్కువ. సంక్రాంతికి, ముఖ్యంగా కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, మీరు అక్కడ లేకపోతే ఎందుకు లేరని అడుగుతారు. గుడికి, రథానికి, అన్నసమారాధనకు చందా అడుగుతారు. ఇవ్వండి. కులం, వీధి, రాజకీయం అన్నీ ఇక్కడా ఉన్నాయి, ఎవరో ఒకరి మనిషిగా మీ మీద ముద్ర పడకుండా మొదటి రెండేళ్లు జాగ్రత్తపడండి. ఇల్లు కొన్నది ఎవరి ద్వారా అన్నదే ఆ ముద్ర వేసేస్తుంది, మధ్యవర్తిని ఎంచుకునేటప్పుడు అది ఆలోచించండి.

సగం రోజులే ఉంటామన్నారు కాబట్టి చెప్తున్నాను, మూసి ఉంచిన పాత ఇల్లు రెండేళ్లలో పాడవుతుంది. ఒక పెంకు జరిగితే వర్షాకాలమంతా ఒక వాసం తడుస్తుంది, ఎవరూ చూడరు. రోజూ తలుపులు తీసి, ఊడ్చి, వర్షం పడ్డ రాత్రి కప్పు కింద ఒకసారి నడిచే మనిషి కావాలి. వాళ్లకు పెరటి వసారాలో ఒక గది ఇచ్చి, నెలనెలా జీతం ఇవ్వండి. కొబ్బరికాయలు తీసుకోమని చెప్పి జీతం ఎగ్గొట్టే ఏర్పాటు నిలవదు.

కొనే ముందు అదే ఊళ్లో ఏదైనా ఇల్లు అద్దెకు తీసుకుని జూలై నుంచి నవంబరు దాకా ఉండి చూడండి. ఇద్దరికీ సెలవు దొరక్కపోతే ఒకరైనా ఉండండి. సంక్రాంతికి వచ్చి నచ్చిందని కొన్నవాళ్ల ఇళ్లు ఈ చుట్టుపక్కల తాళాలతో చాలానే ఉన్నాయి.

ఇప్పుడు మీరు చేయవలసింది: ఊరి పేరు, సర్వే నంబరు, పారీఖత్తు నకలు, వారి తాతగారి దగ్గర్నుంచి కుటుంబ వృక్షం, కూతుళ్లతో సహా, తెప్పించుకోండి. మండువా తూము, వీధి మెట్లు, స్తంభాల అడుగు భాగాల ఫోటోలు తీయండి. అవి పెడితే చూసి చెప్తాను. మూడో వాటావారు ఒప్పుకునేదాకా అడ్వాన్సు ఇవ్వకండి, ‘బయానాగా ఓ లక్ష’ అని అడిగినా సరే.